అటకమీది యుద్ధములు

ధనుర్మాసము ప్రవేశించుటతోడనే గోదావరి సీమలో ఇంటింటి ముంగిట ముగ్గులు విరియును. సంక్రాంతికి బొమ్మలకొలువు పెట్టు ఆచారముగల యిండ్లలో నిచ్చెనలు గోడకు చేరును; అటకలమీది పెట్టెలు క్రిందికి దిగును. ఏడాది పొడుగున చీకటిలో నిదురించిన సీతారాములును, దశావతారములును, కొండపల్లి అంబారీ యేనుగులును, చల్ల చిలుకు గొల్లభామలును మరల వెలుతురు చూతురు. రాజమహేంద్రవరములోని మా యింట మాత్రము వీరితోబాటు మూడు యుద్ధములు గూడ దిగును. ఒకటి పల్నాటిది, ఒకటి బొబ్బిలిది, ఒకటి చందుర్తిది. మూడును మొదలుపెట్టి పెక్కేండ్లయినది. మొన్నమొన్నటివరకు వానిలో ఏ యొక్కటియు ముగియలేదు.

ఇది చదివి సోదరీమణులు నవ్వుకొందురేమో. నవ్వదగినదే. అయినను, ఒక పని చేతనుండగానే మరియొక పని యెత్తికొని, అదియు సగమగునప్పటికి మూడవదానిపై మనసు పారవేసికొను గుణము మా యొక్కరిదే యని మేము తలంపజాలము. సగము కుట్టిన రవికె, మెడదాక అల్లి విడిచిన ఊలు కోటు, నాలుగు పువ్వులకడ నిలిచిపోయిన దుప్పటి కుట్టుపని ఏ యింటి పెట్టెలో లేవు? కావున మా మూడు యుద్ధముల వృత్తాంతమును, వానివలన మేము నేర్చినదానిని ఇచ్చట వ్రాయుచున్నాము.

యుద్ధములను చిన్నబొమ్మలతో నిలుపుట క్రొత్త వేడుక కాదు. చదరంగము మన దేశమున పుట్టినదే. దాని ప్రాచీన నామమైన చతురంగమనగా ఏనుగులు, గుఱ్ఱములు, రథములు, కాల్బలము అను నాలుగంగముల సేన. ఐరోపాలో ప్రష్యా దేశమున సేనానాయకులకు యుద్ధవిద్య నేర్పుటకై పటముమీద చిన్న దిమ్మెలను నడపు ఆట నొకదానిని రైస్విట్జ్ అను తండ్రికొడుకులు కల్పించిరి. 1824లో కుమారుడు దాని నియమములను అచ్చొత్తించెను. ఆంగ్ల రచయిత హెచ్. జి. వెల్స్ 1913లో "లిటిల్ వార్స్" అను పుస్తకము వ్రాసి, బొమ్మ సిపాయిలతోను, పుల్లలను చిమ్ము చిన్న ఫిరంగులతోను ఇంటి నేలమీద ఆడదగిన యుద్ధమునకు నియమము లేర్పరచెను. పండ్రెండేండ్ల బాలురు మొదలు నూటయేబదియేండ్ల బాలురవరకు అందరికిని ఆ పుస్తకము పనికివచ్చునని ముఖపత్రముననే చెప్పి, మగపిల్లల ఆటల నిష్టపడు తెలివిగల ఆడుపిల్లలకును అందులో నింత చోటిచ్చెను. ఆ 'తెలివిగల' అను మాటకు సంతోషింపవలెనో, తక్కిన ఆడుపిల్లలను గూర్చి ఆయన యేమనుకొనెనో యని కోపగింపవలెనో మాకిప్పటికిని తేలలేదు. కాని ఆయన మరియొక మంచి మాట చెప్పెను. ఈ చిన్న యుద్ధములను మూడు నాలుగు మార్లు ఆడినవారికి నిజమైన మహాయుద్ధ మెంత తెలివిమాలిన పనియో తెలిసివచ్చునట. ఆ మరుసటి యేడే, 1914లో, ఐరోపా ఆ పనికే పూనుకొనెను.

అంతకు చాలకాలము పూర్వము, 1826లో, ఇంగ్లాండున హావర్త్ గ్రామములో నొక మతాచార్యుడు తన కుమారునికొఱకు పండ్రెండు కొయ్య సిపాయిలున్న పెట్టె నొకటి తెచ్చెను. ఆ బాలుని అక్కచెల్లెండ్రు ముగ్గురును తలకొక సిపాయిని పట్టుకొని పేరు పెట్టిరి. పిదప నలుగురును ఆ సిపాయిలకు రాజ్యములు, యుద్ధములు, చరిత్రలు కల్పించుచు, ఆవగింజలంత యక్షరములతో అరచేతిలో నిమిడెడి పుస్తకములు వ్రాయసాగిరి. ఆ అక్కచెల్లెండ్రే షార్లెట్, ఎమిలీ, ఆన్ బ్రాంటీలు. "జేన్ ఐర్", "వదరింగ్ హైట్స్" అను ప్రసిద్ధ నవలలు 1847లో వారి చేతినుండి వెలువడినవే. బొమ్మ సిపాయిలు మగపిల్లల సొత్తని యెవరైన ననినచో ఆ పండ్రెండుగురిని జ్ఞాపకము చేయవచ్చును.

నేడును పెక్కు దేశములలో పెద్దవారే ఈ వేడుకను సాగించుచున్నారు. అంగుళమునకు కొంచెము మించిన లోహపు బొమ్మలను, ప్లాస్టిక్ బొమ్మలను కొని, ఆయా కాలపు సేనలకు తగిన రంగులు వేసి, బల్లమీద కొండలు, వాగులు కట్టి, చరిత్రలోని యుద్ధములను మరల ఆడుదురు. వారికిని మా వ్యాధియే. ఒక కాలపు సేనకు రంగులు సగము పడకమునుపే మరియొక కాలపు సేనను కొందురు. రంగెఱుగని బొమ్మలు పెట్టెలలో గుట్టలు పడును. దానిని గూర్చి వారే పరిహాసము లాడుకొందురు. ఈ సంగతి తెలిసినపుడు మాకు కొంత ధైర్యము కలిగినమాట నిజము.

ఇక మా యుద్ధముల మాట.

పల్నాటి యుద్ధము మా అత్తగారిది. గోదావరి జిల్లాలలో సంక్రాంతి యనగానే, చట్టము కాదన్నను, కోడిపందెముల గోల వినబడును. అట్టి యొక పండుగనాడు ఆమె, "ఈ కోడిపందెమే కదమ్మా పల్నాటిని పాడుచేసింది. మన కొలువులో అది చూపిస్తే పిల్లలకి బుద్ధి చెప్పినట్టుంటుంది" అనిరి. 12వ శతాబ్దపు చివరిదని చెప్పబడు ఆ కథ తెలుగువారికి క్రొత్త కాదు. గురజాల పక్షమున నాయకురాలు నాగమ్మ. మాచెర్ల పక్షమున బ్రహ్మనాయుడు. కోడిపందెములో ఓడినవారు ఒడంబడిక ప్రకారము రాజ్యము విడిచి ఏడేండ్లు పోవుట, గడువు తీరినను రాజ్యము దక్కకుండుట, తుదకు కారెంపూడికడ నాగులేటి యొడ్డున ఇరువాగులును నశించుట. ఆ వీరులకు కారెంపూడిలో నేటికిని ఏటేట కార్తికమాసమున ఉత్సవము జరుగుచున్నది.

అత్తగారు ఈ కొలువునకు కోళ్లను, పందెపు బరిని, నాగులేటిని, వీరులను సిద్ధపరచిరి. నాగమ్మ బొమ్మకు చీర కట్టిరి, నగలు దిద్దిరి. కండ్లు మాత్రము పెట్టలేదు. బొమ్మకు కండ్లు దిద్దుట చివరి పని; చేయి వణకినచో బొమ్మ యంతయు చెడును. కథలు చెప్పువారు నాగమ్మను కుటిలురాలినిగా చెప్పుట అత్తగారికి గిట్టదు. "ఆ కాలంలో ఆడది మంత్రి అయి రాజ్యం నడిపితే ఊరుకుంటారా? ఏదో ఒకటి అంటారు" అని ఆమె వాదము. కావున ఆ కండ్లలో క్రూరత్వ ముండరాదు; బేలతనము నుండరాదు. ఈ ఆలోచనలో రెండు సంక్రాంతులు గడచినవి. ఇంతలో ఆమె చూపు మందగించినది. పల్నాటి పెట్టె అటక యెక్కినది.

బొబ్బిలి యుద్ధము మేమెత్తికొన్నది. చిన్ననాట బుర్రకథలో విని యేడ్చిన కథ యది. 1757 జనవరి 24వ తేదీన ఫ్రెంచి సేనాని బుస్సీ, విజయనగర ప్రభువు పెదవిజయరామరాజు పక్షమున, బొబ్బిలి మట్టికోటపై ఫిరంగులు పేల్చెను. కోటలోని వెలమ వీరులు లొంగలేదు. ఇక కోట నిలువదని తెలిసినపుడు, లోపలి స్త్రీలు, పిల్లలు శత్రువులచేత పడరాదని, తమవారి చేతనే ప్రాణములు విడిచిరి. రంగారావు పోరాడి మడిసెను. ఆ పిదప తాండ్ర పాపారాయడు రాత్రివేళ విజయరామరాజు గుడారములో జొరబడి ఆతనిని పొడిచి చంపి, తానును మడిసెను.

గోదావరి ఒండ్రుమట్టితో కోట కట్టితిమి. నాలుగు బురుజులు నిలిపితిమి. పోకచెక్కలు చక్రములుగా, వెదురు గొట్టములు గొంతుకలుగా బుస్సీ ఫిరంగులు తయారైనవి. పాత పట్టుచీర చెంగుతో విజయరామరాజు గుడారము కుట్టితిమి. పాపారాయని మీసములకు మూడు దినములు పట్టినది. అన్నియు నైనవి. కోట నడుమ నున్న అంతఃపురము మాత్రము కాలేదు. అక్కడేమి చూపవలెను? కత్తులు దూసిన భర్తలనా? పిల్లలను కౌగిలించిన తల్లులనా? పేరంటమునకు చంటిబిడ్డల నెత్తుకొని వచ్చు ముత్తయిదువలముందు అట్టి బొమ్మలను పెట్టుటెట్లు? పెట్టకున్నచో, ఆ కథలో మీసములును ఫిరంగులును తప్ప మిగులునదేమి? ఒక యేడు ఆ చోట కొబ్బరిచెట్టు నిలిపి కప్పివేసితిమి. చూచినవా రెవరును అడుగలేదు. అది మాకు మరింత సిగ్గయినది.

అప్పుడు చందుర్తిని మొదలుపెట్టితిమి. దూరపు యుద్ధము లేల, మన జిల్లాలోనే యొకటి యున్నదిగదా యని ఇంటిలో చెప్పితిమి. నిజమునకు అది బొబ్బిలి పెట్టెను తెరవకుండుటకు మేము కనుగొన్న మిష. ఈ మాట ఇపుడు తెలిసినది, అపుడు తెలియలేదు.

పూర్వపు తూర్పుగోదావరి జిల్లాలో, ఇప్పటి కాకినాడ జిల్లాలో, గొల్లప్రోలునకు చేరువను చందుర్తి గ్రామమున్నది. బొబ్బిలి యుద్ధము తరువాత విజయనగర ప్రభువైన ఆనందరాజు ఫ్రెంచివారికి ఎదురుతిరిగి ఆంగ్లేయులను పిలిచెను. బంగాళమునుండి క్లైవు పంపిన కర్నల్ ఫోర్డు ఓడలపై విశాఖపట్టణమునకు వచ్చి, ఆనందరాజు సేనతో కలిసి దక్షిణమునకు నడచెను. ఫ్రెంచి సేనకు నాయకుడు కాన్‌ఫ్లాన్స్. 1758 డిసెంబరులో ఇరువురును చందుర్తికడ తలపడిరి.

ఈ యుద్ధమును మేము వలచుటకు కారణ మొక చేను, ఒక బట్ట. ఫోర్డు వెంటనున్న తెల్ల సిపాయిలు నడుమను, బంగాళపు సిపాయిలు ఇరుప్రక్కలను నడచిరి. నడుమనున్నవారు ఏపుగా ఎదిగిన చేనిలోనికి వచ్చి నిలువగా, పైరు మనిషి యెత్తున నుండుటచేత వారు ఫ్రెంచివారికి కనబడలేదు. ప్రక్కలనున్న బంగాళపు సిపాయిలు ఎఱ్ఱకోటులు తొడిగియుండిరి. ఈ తీరపు సిపాయిలకు అట్టి దుస్తులు అలవాటు లేదు. ఎఱుపు చూచి, వారే తెల్లసేన యనుకొని ఫ్రెంచివారు తమ సారమైన పటాలమును వారిమీదికి నడిపిరి. అపుడు చేనిలోనుండి అసలు సేన వెలువడి ప్రక్కనుండి కాల్చెను. ఫ్రెంచివారు ఫిరంగులు విడిచి పరుగిడిరి. ఆంగ్లేయులు వారి వెంటబడి రాజమహేంద్రవరమును పట్టుకొనిరి. మరుసటి ఏప్రిలులో మచిలీపట్టణపు కోట గూడ ఫ్రెంచివారి చేయి జారినది. తీరమంతయు ఎవరి యేలుబడిలో పడవలెనో నిర్ణయమగుటకు ఒక రైతు పెంచిన పైరును, ఒక దర్జీ కత్తిరించిన గుడ్డయు తోడ్పడినవి. బట్టల రంగులు చూచి మనుష్యుల నెన్నరాదని పిల్లలకు చెప్పుటకు ఇంతకంటె పెద్ద కథ మాకు దొరకలేదు.

కాని లెక్క మమ్ము ముంచినది. నూర్గురికొక బొమ్మ చొప్పున నిలుపుదమని కూర్చుంటిమి. ఫోర్డు తెల్ల సిపాయిలు సుమారు 470 మంది, అనగా 5 బొమ్మలు. బంగాళపు సిపాయిలు సుమారు 1900 మంది, 19 బొమ్మలు. ఆనందరాజు కాల్బలము 5000, గుఱ్ఱములు 500, అవి 55. ఫ్రెంచివారి పక్షమున తెల్లవారు 500, గుఱ్ఱములు 500, సిపాయిలు 6000, అవి 70. వెరసి 149 బొమ్మలు! వంటిల్లు ముగిసి, పిల్లల చదువు ముగిసిన తరువాత దినమునకొక గంట చిక్కినచో వారమునకు రెండు బొమ్మలు. నలువది చేయునప్పటికి ఉత్సాహము అడుగంటినది. చందుర్తి పెట్టె గూడ అటక చేరినది. అప్పటికే మా మనసు నాలుగవ యుద్ధమగు పద్మనాభముమీదికి పోవుచుండెను!

ఒక వానకాలము కడపట అటక శుభ్రము చేయుచుండగా పల్నాటి పెట్టె బరువు తగ్గియుండెను. మూత తీసి చూతుముగదా, చెదలు! గోడ కానించి పెట్టుట మా తప్పు. పొణికి కర్ర మెత్తనిది; చెదలకు ప్రీతి. వీరులు పైకి రంగులతో నిండుగానుండి, ముట్టగానే పొడియై రాలిరి. కోళ్లు లేవు, పందెపు బరి లేదు. నాగమ్మ యొక్కతె మిగిలినది. అత్తగారు ఆ బొమ్మను తమ పెట్టెలో, చీరల మడతల మధ్య, ఎప్పుడో దాచుకొనియుండిరి.

ఇరుగుపొరుగువారిలో నొకరు, "భోగిమంట దగ్గరపడుతోంది. ఆ మూడు పెట్టెలూ అందులో వేసెయ్యండి, మీకు సుఖం" అనిరి. పాతవస్తువులను భోగిమంటలో వేయుట ఆచారమే. మేము నిజముగనే పెట్టెలను ముందరి గదిలోనికి తెచ్చితిమి. అత్తగారు కుర్చీలోనుండి, "ఏ పెట్టెలో ఏముందో చెప్పమ్మాయ్, తర్వాత కాలుద్దువుగాని" అనిరి. మేము చెప్పలేకపోతిమి. ఏది యెంతవరకైనదో, ఏ రంగు ఏ పాళ్లలో కలిపితిమో, ఏది యెందుకు నిలిచినదో మాకే జ్ఞాపకము లేదు. ఆమె నవ్వి, "పెట్టెలో ఏముందో చెదలకి తెలిసింది, మనకే తెలియలేదు" అనిరి.

ఆ రాత్రియే మా అమ్మాయి మామ్మ చెప్పగా వ్రాయుచు మూడు చీటీలు తయారుచేసెను. ప్రతి చీటీలోను నాలుగు మాటలు: ఏమి అయినది, ఏమి కాలేదు, రంగులు కలిపిన లెక్క, పని యెందుకు నిలిచినది. మొదటి మూడును సులభముగనే వచ్చినవి. నాలుగవదానికడ మేము చాలసేపు మౌనముగా కూర్చుంటిమి. తుదకు ఇట్లు వ్రాసికొంటిమి: పల్నాడు, చేయి చాలక, చందుర్తి, లెక్క పెద్దదై, బొబ్బిలి, ధైర్యము చాలక.

సోదరీమణులారా, ఈ మూడు మాటలను వ్రాసిన తరువాతనే మాకు విషయము బోధపడినది. నిలిచిపోయిన పనులన్నియు ఒకే రోగము కావు. కావున ఒకే మందు లేదు. మేము మూడింటికిని సోమరితనమను ఒక్క పేరే పెట్టి, మమ్ము మేమే తిట్టుకొనుచు, తిట్లనుండి తప్పించుకొనుటకు మరియొక పని మొదలుపెట్టుచుంటిమి. చేయి చాలని పనికి మరియొక చేయి కావలెను. లెక్క పెద్దదైన పనికి లెక్క తగ్గింపవలెను. ధైర్యము చాలని పనికి మాత్రము దానియెదుట కూర్చుండుట తప్ప వేరుదారి లేదు.

మొదట చందుర్తిని చేపట్టితిమి. మా అమ్మాయి చీటీ చదివి, "యుద్ధమంతా ఎందుకమ్మా? చేలోంచి బయటికొచ్చే ఆ ఒక్క క్షణం చాలదూ?" అనెను. లెక్క చూచితిమి. చేనిలోని తెల్లవారు ఐదుగురు, ఎఱ్ఱకోటుల సిపాయిలు పదిమంది, ఎదురువచ్చు ఫ్రెంచివారు ఐదుగురు. ఇరువది బొమ్మలు. మేమెప్పుడో నలువది చేసియుంటిమి! అనగా ఏండ్లక్రితమే ముగిసిన యుద్ధమును ముగియలేదని యేడ్చుచుంటిమి. కావలసినది చేను మాత్రమే. చీపురుపుల్లలను జానెడుగా కత్తిరించి, మట్టిపలకమీద దగ్గరదగ్గరగా గ్రుచ్చి, ఆకుపచ్చ కాగితపు రేకులు చుట్టితిమి. ఒక్క ఆదివారముతో చేను కోతకు వచ్చినది.

పల్నాటిని కొంతవరకు మరల కట్టవలసివచ్చినది. ఈ మారు కొండపల్లివారి పద్ధతిని శ్రద్ధగా అనుసరించితిమి. వారు తేలికయైన తెల్లపొణికి కర్రతో అవయవములను వేర్వేరుగ చెక్కి, చింతగింజల పిండిని ఱంపపు పొట్టుతో కలిపిన మక్కుతో అతికి, సుద్ద పూసి, ఆరిన పిదప రంగులు వేయుదురు. చెక్కుట మాకు రాదు. కాని మక్కు ప్రతి యింటను చేయదగినదే. తలపాగలు, డాళ్లు, కోడిపుంజుల తోకలు మక్కుతోనే దిద్దితిమి. వెనుక వరుసల వీరులకు పాత చదరంగపు బంట్లు చక్కగా పనికివచ్చిరి. ముందున్న నలుగురైదుగురికే ముఖములు కావలెను. నాగమ్మ కండ్లను మా అమ్మాయి దిద్దెను. అత్తగారు బొమ్మ పాదములను రెండు చేతులతో కదలకుండ పట్టుకొనిరి. పని కాగానే, "కోపంగా ఉందా?" అని యడిగిరి. "లేదు మామ్మా, ఏదో ఆలోచిస్తోంది" అని పిల్ల చెప్పెను. "అయితే సరే" అని ఆమె బొమ్మను విడిచిరి.

పెక్కు కొలువులను ఒక్కసారి నడుపు సోదరీమణులకు మేము నేర్చిన కొన్ని మెలకువలు చెప్పుదుము. అన్ని కొలువుల బొమ్మలను ఒకే యెత్తున చేయుట మంచిది, మావి రెండంగుళములు. ఎత్తు ఒకటైనచో చెట్లు, గుడిసెలు, బండ్లు, ఏనుగులు ఒక కథనుండి మరియొక కథకు పోవచ్చును. మా తాటిచెట్లు పల్నాటిలోను, చందుర్తిలోను నిలిచినవి. ఒకే రంగు కలిపినపుడు అన్ని పెట్టెలలోను ఆ రంగు కావలసినవానికి వేయవలెను. కాని ఒకే దినమున రెండు పెట్టెల బొమ్మలను బల్లమీద కలుపరాదు. ఎదుట నున్న పని ఒకటే యుండవలెను. తక్కినవి మూతక్రింద నుండవలెను. పెట్టెలను గోడకు ఆనింపక, ఇటుకలమీద నిలిపి, వేపాకు వేసి, మాసమునకొకమారు తెరచి చూడవలెను. క్రొత్త పెట్టె తెచ్చుటకు ముందు పాత చీటీలు చదువవలెను. మాకు పద్మనాభముమీద కోరిక తీరలేదు. కాని ఆ పెట్టె ఇంకను తేలేదు.

కడపటికి బొబ్బిలి మిగిలినది. కోటను కూటపు నడుమ పెట్టుకొని, కొబ్బరిచెట్టు తీసివేసి, ఖాళీ చోటిని చూచుచు రెండు సాయంకాలములు గడపితిమి. "అత్తయ్యగారూ, ఇక్కడ ఏ బొమ్మలు పెట్టమంటారు?" అని తుదకు అడిగితిమి. ఆమె వ్రేళ్లతో బురుజులను, గోడలను తడవి చూచి, "బొమ్మలు పెట్టకు. తలుపు పెట్టు" అనిరి.

అట్లే చేసితిమి. అగ్గిపెట్టె చెక్కతో రెండు రెక్కల తలుపు, మూసియున్నది. ముందు గడపకు పసుపు, చిన్న ముగ్గు, ఒక ప్రమిద. అంతే. కోటగోడమీద ఫిరంగులు, మీసములు, కత్తులు అన్నియు నున్నవి. కాని చూచినవారి చూపు ఆ తలుపుకడనే ఆగును.

భోగినాటి సాయంకాలము పేరంటాండ్రు వచ్చిరి. పిల్లలకు రేగుపండ్లు పోసి, పాటలు పాడి, కొలువు చూడసాగిరి. చందుర్తి చేనుకడ పిల్లలు గుమిగూడిరి. నాగమ్మ కండ్లను గూర్చి పెద్దవారు తర్కించిరి. బొబ్బిలి కోటకడ ఒక వృద్ధురాలు చాలసేపు నిలిచి, మేమేమియు చెప్పకుండగనే, తన చేతిలోని పళ్లెమునుండి చిటికెడు కుంకుమ తీసి ఆ చిన్న గడపమీద ఉంచెను. వెనుక వచ్చినవారును అట్లే చేసిరి. ఇంటికి పోవునప్పటికి గడప యెఱ్ఱనైనది. ఆ రాత్రి మా అమ్మాయి, "అమ్మా, ఆ లోపలున్న వాళ్ల పేర్లు ఎవరికైనా తెలుసా?" అని యడిగెను. మల్లమ్మదేవి పేరు చెప్పితిమి. తక్కినవారి పేర్లు చెప్పలేకపోతిమి. అందుకే తలుపు మూసియున్నదని ఆ పిల్లకు దానంతటదే తెలిసినట్లు కనబడెను.

అసంపూర్తి పనులను గూర్చి మా రాజమహేంద్రవరమువారు మరీ సిగ్గుపడనక్కరలేదు. లోకములోని మహాయుద్ధ కథలలో నొకటి తెలుగులో మొదలైనది ఈ యూరిలోనే. 11వ శతాబ్దమున రాజరాజనరేంద్రుని కొలువులో నన్నయ భట్టారకుడు భారతమును తెలిగింప పూని, ఆది సభాపర్వములు ముగించి, అరణ్యపర్వము నడుమ విడిచెను. కురుక్షేత్రమువరకు ఆయన గంటము పోనేలేదు. రెండు శతాబ్దముల పిమ్మట నెల్లూరిలో తిక్కన విరాటపర్వమునుండి చివరివరకు వ్రాసెను. అటుపిమ్మట ఎఱ్ఱన వచ్చి అరణ్యములో మిగిలినదానిని పూరించెను. మన కాలమునకు దగ్గరగా చూచినను, కన్నాంబ నాగమ్మగా నటించిన "పల్నాటి యుద్ధము" చిత్రమును మొదలుపెట్టిన గూడవల్లి రామబ్రహ్మము 1946లో గతించగా, ఎల్. వి. ప్రసాద్ దానిని ముగించెను. 1947లో అది వెలువడినది. మొదలుపెట్టిన చేయియే ముగింపవలెనను నియమ మెక్కడను లేదు. తరువాతి చేయికి అందునట్లు విడిచిపోవుటయే మొదటి చేతి ధర్మము.

కావున సోదరీమణులు రెండు పనులు గాని, నాలుగు పనులు గాని ఒక్కసారి యెత్తికొన్నారని మేము నిందింపము. సంసారమున అన్ని వేళలును మన చేతిలో నుండవు. ఆశలు మాత్రము ఒక్కటొక్కటిగా రావు. కాని ఈ పండుగకు అటకమీది పెట్టె దింపినపుడు, దానిని మూయుటకు ముందొక చిన్న చీటీ వ్రాసి లోపలనుంచుడు. ఏమి అయినది, ఏమి కాలేదు, ఎందుకు నిలిచినది. ఆ మూడవ మాటను దాచక వ్రాయుడు. మా అత్తగారు ఈ యేడు కొలువు చూడలేదు. చేతితో తడవి తెలిసికొనిరి. పల్నాటి చీటీలో "చేయి చాలక" అనుమాటను కొట్టివేయించి, దాని క్రింద మా అమ్మాయి పేరు వ్రాయించిరి.